దేవుడి గదిలో రేడియో విప్పిన రోజు

నాకు సంతకం పెట్టడం వచ్చు. అంతకు మించి రాయలేను. అందుకే నేను చెబుతుంటే నా మనవరాలు రాస్తోంది. బడిలో తెలుగు చెప్పే పిల్ల. మధ్యలో ఆపి, "అవ్వా, తెలుగులో అలా అనరు" అంటుంది. మాట సరిచెయ్యి, సంగతి మాత్రం మార్చకు అని చెప్పాను.

మా తాతలు చెరకు పనికి ఓడెక్కి వచ్చిన ఈ దీవిలో, బెల్ ఎయిర్ బజారులో నేను రేడియోలు బాగుచేసేదాన్ని. తెల్లదొరల పాలన ఆఖరి రోజుల్లో మొదలుపెట్టి, మన జెండా ఎగిరాక కూడా చాలా కాలం చేశాను. అందరూ నన్ను "మదాం రేడియో" అనేవాళ్ళు. అప్పలమ్మ అన్న పేరు పోస్టుమానుకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. టంకం పొగ పీల్చి పీల్చి గొంతు ఇలా బొంగురుపోయింది. దాని గురించి నాకు బెంగ లేదు.

ఈమధ్య మా వీధి చివరింటి అమ్మాయి కంప్యూటర్లు బాగుచేసే కోర్సులో చేరింది. వెళ్ళేముందు వచ్చి నా పక్కన కూర్చుంది. "ఏది కనబడినా విప్పాలనిపిస్తాది తాంతిన్, మా అమ్మ తిడతాది" అంది. మా దగ్గర పిన్ని వరసయ్యే ఆడవాళ్ళను తాంతిన్ అని పిలుస్తారు. ఆ పిల్ల కోసం, అలా చేతులు దురద పెట్టే మిగతా పిల్లల కోసం ఇది చెబుతున్నాను. ఎంత గడించాను, ఎవరు ఏ కాగితం ఇచ్చారు, అవన్నీ వదిలేస్తాను. లచ్చమ్మవ్వ సంగతి మాత్రం చెప్పి తీరాలి. మొగుడి పాట ఒక్కటి మొదటినుంచి చివరిదాకా వినాలని ఆమె కోరిక. దాన్ని తీర్చగలనా లేదా అని నేను కొట్టుకులాడిన ఒక్క పూట నాకు ఈ పనంటే ఏమిటో నేర్పింది. అయితే ముందు చాప మీదికి రావాలి.

చాప మీద

నా మొగుడు నర్సయ్య చెరకు లారీ నడిపేవాడు. ఒకసారి ఎస్టేటు మేనేజరు ఇంట్లో పక్కన పడేసిన పాత రేడియోను ఇంటికి తెచ్చాడు. గరగరమనేది, మాట స్పష్టంగా వచ్చేది కాదు. ఆయన పనికి వెళ్ళగానే కూరగాయల కత్తి మొనతో నేను దాని వెనక చెక్క ఊడదీశాను. చెక్క తీశాక ఆగబుద్ధి కాలేదు. సాయంత్రం ఆయన వచ్చేసరికి రేడియో మొత్తం చాప మీద పరుచుకుని ఉంది.

గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఏటిది?"

"రేడియో."

"అది నాకూ తెలుసు. ఇలా ఎందుకు పడుంది?"

"లోపల మాటాడీవోడు ఎక్కడున్నాడో సూద్దారని."

"కనబడ్డాడా?"

"కనబడనేడు. ఉత్త తీగలే."

కాళ్ళు కడుక్కుని వచ్చి చాప అంచున కూర్చున్నాడు. గాజు బుడ్డిలాంటి వాల్వు ఒకటి తీసి దీపం వెలుగులో తిప్పి చూశాడు.

"మళ్ళీ పెట్టగలవా?"

"తెల్దు."

"అయితే ముందు తిందాం. తరవాత పెడుదువుగాని."

ఆ మాటకు నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను. ఆ రోజుల్లో చాలామంది మొగుళ్ళు ఆ పూట చెయ్యి చేసుకునేవాళ్ళు. ఆయన అన్నం కలుపుకుంటూ, ఏ ముక్క ఎక్కడినుంచి వచ్చిందో నన్ను అడుగుతూ కూర్చున్నాడు. అన్నీ తిరిగి పెట్టాను. రేడియో మాత్రం గరగర కూడా మానేసింది. దాన్ని లారీలో వేసుకుని బెల్ ఎయిర్‌లో మిస్యే గాస్తోన్ రేడియో అంగడికి పట్టుకెళ్ళాడు. మిస్యే అంటే అయ్యగారు అని.

మిస్యే గాస్తోన్ వెనక చెక్క తీసి చూసి, "ఎవరు విప్పారు దీన్ని?" అన్నాడట.

"నా పెళ్ళాం."

"బొందియే, ఓరి దేవుడా! కత్తితోనా?"

"కూరగాయల కత్తితో."

"ఒక్క తీగ తప్ప అన్నీ సరిగ్గా పెట్టింది. ఆమెను తీసుకురా."

మిస్యే గాస్తోన్

ఆయన క్రియోల్ మనిషి, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వంశం. యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ సైన్యంతో ఈజిప్టు వెళ్ళి అక్కడ రేడియో పని నేర్చుకొచ్చాడు. కోపిష్టి. పొద్దున్నే రమ్ము వాసన వచ్చేది. చేతిలో ఏది ఉంటే అది విసిరేవాడు, కానీ వాల్వు ఎప్పుడూ విసరలేదు. మొదట్లో నన్ను తెర వెనక కూర్చోబెట్టాడు. ఆడది ముట్టుకున్న రేడియో అంటే బేరాలు రావని భయం. అది పిరికితనం అని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అంటాను. అయినా ఆయన నేర్పినట్టు మరెవరూ నేర్పలేదు.

మొదట నేర్పింది వాసన చూడటం. సెట్టు బల్ల మీద పెట్టగానే ముక్కు దగ్గర పెట్టాలి. కాలిన వాసనకూ, తడి వాసనకూ, ఎలక వాసనకూ తేడా తెలియాలి. "తిఫీ, చెయ్యి అబద్ధం చెబుతుంది, కన్ను అబద్ధం చెబుతుంది. మాడు వాసన చెప్పదు. అది తగలగానే లే, పరిగెత్తు, స్విచ్చి ఆపు" అనేవాడు. తిఫీ అంటే పిల్లా అని. నాకు అప్పటికే ఇద్దరు బిడ్డలు.

రెండోది ఒంటి చేతి పని. సెట్టులో కరెంటు ఉన్నప్పుడు రెండు చేతులూ పెట్టకూడదు. ఒక చేత్తో లోపలికి పోయిన కరెంటు గుండె మీదుగా రెండో చేత్తో బయటికి వస్తుంది. మగవాళ్ళు రెండో చెయ్యి జేబులో పెట్టుకునేవాళ్ళు. నాకు జేబు ఎక్కడిది? ఎడమ చెయ్యి నడుం దగ్గర చీర కుచ్చిళ్ళలో దోపుకునేదాన్ని. చూసినవాళ్ళు ఒయ్యారం అనుకునేవాళ్ళు.

తప్పులు కూడా కలిసే చేశాం. అరవైలో వచ్చిన పెద్ద తుఫానుకు ఇళ్ళ కప్పులు లేచిపోయాయి. తడిసిన రేడియోలు గోనెసంచుల్లో వచ్చి పడ్డాయి. ఎండ లేదు. మిస్యేకి ఒక ఆలోచన వచ్చింది. రొట్టెలు తీసేశాక బేకరీ పొయ్యిలో వెచ్చదనం మిగిలి ఉంటుంది కదా, సెట్లను అందులో ఆరబెడదాం అన్నాడు. నేనూ సై అన్నాను. మర్నాడు తీసి చూస్తే లోపలి కండెన్సర్ల మైనం అంతా కారి, సెట్టు అడుగున గడ్డకట్టింది. బేకరీ అతను, "ఈ రొట్టెల్లోకి జామ్ కూడా మీరే పోశారా?" అని వెక్కిరించాడు. సెట్ల యజమానులకు ఆ మాట చెప్పుకోవడానికి ఇంటింటికీ నేనే వెళ్ళాను. మిస్యే రాలేదు. వానకు తడిసినదాన్ని ఎండే ఆరబెట్టాలి. తొందరపడేది మనం, అది కాదు.

నర్సయ్య తర్వాతి ఏడాదే జ్వరంతో పోయాడు. దినాలయ్యాక నేను అంగడికి వెళ్తే తెర లేదు. మిస్యే నా బల్లను గుమ్మం ముందుకు, బజారంతా చూసేచోటికి జరిపాడు. "ఏడుస్తూ కూడా టంకం పెట్టొచ్చు మదాం. కన్నీళ్ళు మాత్రం తీగల మీద పడనీకు" అన్నాడు. తిఫీ పోయి మదాం అయింది ఆ రోజే. జెండా మారాక ఆయన తన చెల్లెలి దగ్గరికి ఓడెక్కి వెళ్ళిపోయాడు. పోతూ అంగడి తాళం నా చేతిలో పెట్టాడు. ఆయన తిట్లన్నీ ఆ తాళంతో చెల్లిపోయాయి.

తడిబట్ట

ఇప్పుడు లచ్చమ్మవ్వ సంగతి. ఇది మిస్యే ఇంకా ఉన్నప్పుడే, జెండా మారడానికి ముందు ఏడాది జరిగింది.

బెల్ ఎయిర్ దాటి చెరకు తోటల్లోకి వెళ్తే ఒక చిన్న పాటి, అంటే ఎస్టేటు కూలీల ఇళ్ళ వరస, ఉండేది. అక్కడ సన్యాసి అన్న పేరుగల గురువుగారు రామభజన నడిపేవాడు. చుట్టుపక్కల తెలుగువాళ్ళకు ఆయన లేనిదే పండగ దీపం నిలిచేది కాదు. ఆయన భార్యే లచ్చమ్మవ్వ. కాళ్ళు పడిపోయి మంచం మీద ఉండేది. ఆ ఏడాది రేడియోవాళ్ళు గురువుగారిని, ఆయన బృందాన్ని పాడటానికి పిలిచారు. అప్పుడు పాడింది అప్పుడే వినాలి. పోతే పోయినట్టే.

ఆ ఉదయం వాళ్ళ కోడలు పార్వతి రొప్పుతూ అంగడికి వచ్చింది.

"తాంతిన్, మా రేడియో మూగబోయింది. మావ తెల్లారే బస్సెక్కి ఎల్లిపోనాడు. మద్దేన్నం పాట. అత్త నా పేణం తీస్తంది."

"నెత్తిన పెట్టుకుని తెచ్చేయలేకపోయావా?"

"ఎలా తెస్తాను? దీపం నిలబెట్టాం కదా."

అదీ చిక్కు. మాలో పండగకు దీపం నిలబెట్టాక, ఆ దేవుడి గదిలో ఉన్న వస్తువేదీ పండగ అయ్యేదాకా గడప దాటకూడదు. గురువుగారు పాడబోతున్న పెట్టె కదా అని వీళ్ళు రేడియోను దేవుడి గదిలోనే పెట్టారు. ఆ పాటిలో ఇంకో రేడియో లేదు. మా అంగడిలో ఉన్నవన్నీ కరెంటు సెట్లు, వాళ్ళకు ఇంకా కరెంటు రాలేదు. వాళ్ళది పాతకాలపు బ్యాటరీ సెట్టు.

మిస్యే తన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఊది, వాసన చూసుకున్నాడు. "నన్ను మీ దేవుడు రానివ్వడు. నువ్వు వెళ్ళు" అన్నాడు. కరెంటు లేనిచోట పనికొచ్చే పాత టంకం ఇనుము తీసిచ్చాడు. దాని రాగి ముక్కును బొగ్గుల్లో కాల్చాలి.

వాళ్ళ ఇంటికి చేరగానే పార్వతి నన్ను కుళాయి దగ్గర ఆపింది.

"తానం చేసి తడిబట్టతో రావాల తాంతిన్. దీపం గది."

"తడిబట్టతోనా? అది టార్చిలైటు బ్యాటరీ అనుకున్నావా, తొంభై ఓల్టులది. తడి ఒంటితో తగిలానంటే నా పేరున ఇంకో దీపం పెట్టాల మీరు."

లోపలినుంచి పెద్ద నవ్వు వినిపించింది. మంచం మీదినుంచి లచ్చమ్మవ్వ. "ఒలే పార్వతీ, ఉతికి ఆరేసిన సీర ఇయ్యి దానికి! ఒక దీపానికే నూనె సాల్టం నేదు."

స్నానం చేసి పొడి చీర కట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. పార్వతి ఇంకా కదల్లేదు. నా బోసి నుదుటి వైపు చూసి చూపు తిప్పుకుంది. నాకు అర్థమైంది. వెనక్కి తిరగబోయాను.

"ఏటే, ఇంకా ఏటి?" అంది లచ్చమ్మవ్వ. "దాని నొసలుతో నాకేటి పని? సేతులు కావాల. రానీ."

లోపల దేవుళ్ళ వరసలో ఆఖరున రేడియో ఉంది. పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. లచ్చమ్మవ్వ మంచం గది గుమ్మానికి ఎదురుగా వేసి ఉంది. నేను దండ తీసి పటం మీద వేస్తుంటే ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

"నీకు సెప్తే నవ్వుతావు. ఆడి బజన ఊరూరా ఇన్నారు. నేను పెళ్ళైనకాడ్నుంచి ఇన్నాను. ఇన్నానంటే ఏటి, వంటింట్లోంచి. ఆడు పాట ఎత్తుకునీసరికి పప్పు పొంగుద్ది. ఆఖరి చరణానికి ఇస్తరాకులు ఎయ్యాల. మద్దిలోదే నాకు తెలుసు. ఇప్పుడు కాళ్ళు నేవు, వంటింట్లోకి రమ్మనీవోళ్ళు నేరు. తీరిగ్గా ఇంటాను."

రేడియోకు ముక్కు ఆనించాను. కాలిన వాసన లేదు. తడి వాసన, దానితోపాటు పసుపు వాసన. మీట తిప్పితే వాల్వులు సన్నగా వెలిగాయి. స్పీకరు మీద చెవి పెడితే చిన్న హమ్ కూడా లేదు. బ్యాటరీ తీగ పీకేసి వెనక చెక్క విప్పాను. స్పీకరుకు వెళ్ళే తీగ టంకం దగ్గర పచ్చగా చిలుం పట్టి, వేలు తగలగానే పొడిలా రాలిపోయింది. పక్క తీగా అంతే.

"పార్వతీ, దీని మీద నీళ్ళు చల్లుతారా?"

"పసుపు నీళ్ళు తాంతిన్. శనోరం శనోరం మావిడాకుతోటి. దేవుళ్ళందరికీ సల్లి దీన్ని వదిలెయ్యడం తప్పు కదా?"

తప్పెలా అవుతుంది? ఆ ఇంట్లో దానికి అంత మర్యాద ఇచ్చారు. వెనక చెక్కకు గాలి కోసం చీలికలు ఉంటాయని వాళ్ళకేం తెలుసు. పిల్లలూ, ఇది వినండి. సెట్టు చూసేముందు అది ఏ ఇంట్లో, ఎక్కడ, ఎలా బతుకుతోందో చూడండి. అంగడిలో కూర్చుని ఉంటే ఆ తీగ ఎందుకు కుళ్ళిందో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఇంటికి వచ్చాను కాబట్టి తిట్టబుద్ధీ కాలేదు.

కుళ్ళిన తీగలు కోసేశాను. కొత్త ముక్కలు వేయాలి. ఇనుము కాల్చాలి. వంటింటి పొయ్యి ఆ పెరటి చివర. కాల్చి తెచ్చేలోపు చల్లారుతుంది. దేవుడి ముందు సాంబ్రాణి గిన్నెలో నిప్పులు కణకణలాడుతున్నాయి. నేను వాటి వైపు చూశాను. పార్వతి నన్ను చూసింది.

"వద్దు తాంతిన్! అది ధూపం!"

"నిప్పు నిప్పేనే," అంది లచ్చమ్మవ్వ. "పెట్టు."

ఇనుము నిప్పుల్లో పెట్టి టంకం డబ్బా తెరిస్తే, అడుగున ఉండాల్సిన జిగురు ముద్ద లేదు. అది లేకపోతే టంకం తీగకు అంటుకోదు, పాదరసంలా జారిపోతుంది. తొందరలో బల్ల మీదే వదిలేసి వచ్చాను. బెల్ ఎయిర్ వెళ్ళి రావడానికి పొద్దు లేదు. గుమ్మంలో ఎండ అప్పటికే మంచం కోడు దాకా జరిగింది. లచ్చమ్మవ్వ ఆ ఎండనే చూస్తోంది, నన్ను చూడటం లేదు. అడగనూ లేదు. అడిగి ఉంటే తేలికగా ఉండేది.

గిన్నె పక్కన ధూపంలో వేసే గుగ్గిలం ముక్కలు ఉన్నాయి. మిస్యే జిగురు ముద్దా చెట్టు బంకే, ఇదీ చెట్టు బంకే. ఒక ముక్క తీసుకుని కాలిన ఇనుముకు ఆనించాను. గది నిండా పొగ లేచింది. దగ్గుతూనే టంకం పెట్టాను. మొదటిసారి జారింది. ఇనుము మళ్ళీ కాల్చి, తీగను గోరుతో మెరిసేదాకా గీకి, మళ్ళీ పెట్టాను. పట్టింది.

చరణం

బ్యాటరీ తగిలించి మీట తిప్పాను. ముందు ఏమీ లేదు. తర్వాత గొంతు సవరించుకున్నట్టు ఒక హమ్. ఎవరో ఫ్రెంచిలో ఏదో చెప్పారు. ఆ వెంటనే తాళాలు.

లచ్చమ్మవ్వ చెయ్యి పైకెత్తింది. ఇంటి బయట చేరిన ఆడవాళ్ళు కూడా నోరు మూశారు.

వెనక చెక్క బిగించేస్తూ చూసుకుంటే నా అరచేతిలో ఒక స్క్రూ మిగిలి ఉంది. ఎక్కడిదో తెలియదు. అప్పుడే గురువుగారి గొంతు వచ్చింది. లచ్చమ్మవ్వ నా చెయ్యి చూసి గుసగుసగా, "అదేటి?" అంది.

"స్క్రూ అవ్వా. మిగిలిపోయింది."

"పాడతంది కదా?"

"పాడతంది."

"అయితే ముట్టుకోకు."

ఆమె కళ్ళు మూసుకోలేదు. రేడియో వైపు కూడా చూడలేదు. పెదాలు మాత్రం కదుపుతూ పోయింది. మధ్య చరణాల దగ్గర ఆ పెదాలు పాట కంటే ముందే వెళ్ళాయి, మొదట్లోనూ చివర్లోనూ ఆగి విన్నాయి. పాట అయిపోయింది. నేను ఆమె ఏమంటుందోనని చూస్తున్నాను.

"ముసలోడు ఒక చరణం మింగీసినాడు" అంది.

బయట ఆడవాళ్ళు నవ్వారు. అవ్వ నవ్వలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుంది.

నన్ను అన్నం తినకుండా పోనివ్వలేదు. తిన్నాక పార్వతి ఇంకో పని చెప్పింది, ఆ తర్వాత ఇంకోటి, అలా సాయంత్రం బస్సు వేళయింది. గురువుగారు కండువా దులుపుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా మంచం దగ్గర నిలబడ్డాడు.

"ఇన్నావా?"

"ఇన్నాను. ఆఖరిదానికి ముందు చరణం ఏది?"

ఆయన ముఖం వాడిపోయింది. "ఓలమ్మ... నువ్వు కనిపెట్టీసినావా? అక్కడ ఎర్ర దీపం ఎలిగించినారే. అది ఎలిగితే ఆపీయాలంట. బయపడి మింగీసినాను."

"నా దగ్గర ఎర్ర దీపం నేదు. ఇప్పుడు పాడు."

"ఇంతమందిలోనా?"

"దేశం దేశానికి పాడొచ్చి నాకాడ సిగ్గా?"

ఆయన అందరినీ ఒకసారి చూసి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తాళాలు లేవు. మోకాలి మీద వేళ్ళతో కొట్టుకుంటూ పాట మొదటినుంచి ఎత్తుకున్నాడు. అలవాటు కొద్దీ పార్వతి లేచి వంటింటి వైపు కదిలింది. పొయ్యి మీద పప్పు ఉంది.

"ఒలే," అంది లచ్చమ్మవ్వ, "నువ్వూ కూకో."

"పప్పు, అత్తా..."

"మాడితే మాడనీ. కూకో."

పార్వతి గుమ్మానికి ఆనుకుని నా పక్కన కూర్చుంది. నా పిడికిట్లో స్క్రూ ఇంకా అలాగే ఉంది. ఆ రేడియో అది లేకుండానే చాలా ఏళ్ళు పాడింది. గురువుగారు రెండో చరణంలోకి వచ్చేసరికి మాడు వాసన నా ముక్కుకు తగిలింది. ఆ వాసన వస్తే లేచి పరిగెత్తమని మిస్యే నాకు ఏళ్ళ తరబడి నేర్పాడు. అప్పటిదాకా ఎన్నడూ తప్పలేదు. ఆ సాయంత్రం ఒక్కసారే, ఏదో మాడుతోందని తెలిసి కూడా, నేను లేవలేదు.